మూడో బేరం

షెడ్డులో నిన్నటి నుంచి పాత ఎర్రకారు ఉంది. దానికి రెండే సీట్లు, పైన కప్పు లేదు. అందులో కాసేపు ఊరికే కూర్చున్న రిటైరైన లెక్కల మాస్టారు, లేవలేక చెయ్యి చాపాడు. మెకానిక్కు పట్టుకుని లాగాడు.

“నడుం పోయిందోయ్. ఇక దీన్ని అమ్మక తప్పదు.”

“ఆర్నెల్లుగా ఇదే మాట వింటున్నా మాస్టారూ.”

“ఈసారి మా ఆవిడ ఒట్టేయించుకుంది. మనవలిద్దరూ వస్తే ఒకణ్ణి ఇంట్లో ఏడిపించే కారు ఎందుకంటుంది.”

“నిజమేగా! వానొస్తే లోపల కూడా గొడుగు వేసుకోవాలి.”

“ఎక్కితే ఇరవయ్యేళ్ళవాణ్ణవుతానోయ్. దిగేటప్పుడే, అరవై ఎనిమిదీ ఒక్కసారి మీద పడతాయి.”

“కొనేవాళ్ళెప్పుడొస్తారు?”

“పది నిమిషాల్లో.” మాస్టారు గొంతు తగ్గించాడు. “కిందటి రెండు బేరాలప్పుడు చేసినట్టే, స్టార్టు కాకుండా ఆ వైరు కాస్త...”

“వాళ్ళ ముందు ఏం తెలియనట్టు తల గోక్కున్నది నేనండీ! మూడోసారీ అదే చేస్తే నా షెడ్డు గడప ఎవరు తొక్కుతారు?”

మాస్టారు కారు తలుపును ఒకసారి చేత్తో నిమిరాడు.

“పోనీలే. నిన్నూ విసిగించేశాను. పోయేదాన్ని పోనీ.”

చివరిసారి చప్పుడైనా విందామని, బయట నుంచే వంగి తాళం తిప్పాడు. ఇంజను ఆయనలాగే మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే.

ఆయన తలెత్తాడు. మెకానిక్కు అటు తిరిగి చేతులు తుడుచుకుంటున్నాడు.

“ఆ వైరు పొద్దున్నే పీకేశాను మాస్టారూ. ఈసారి మీరు అడగరేమోనని భయమేసింది.”