కోడిపిల్లను నేను

పెద్దకడుబూరు దగ్గర పల్లె. గుంటూరు పక్కకు మిరపకాయలు కోసే సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే లారీ వీధిలో ఆగి ఉంది. మేస్త్రి ఉచ్చీరప్ప హారన్ కొట్టిస్తున్నాడు. మహాదేవమ్మ మూటలు కడుతోంది. ఆదోనిలో ఇంటర్ చదివే కూతురు సుకన్య మాత్రం పుస్తకం పట్టుకుని గడపలో మొండికేసి కూర్చుంది.

"ఆల్. ట్రి. షి. యల్. నాలుగు ముక్కలమ్మా. సరిగ్గా పలుకుతాండానా, ఒక్కసారి ఇను."

"లారీలో ఇంటాలే. ఆ బిందె ఇట్లా తే."

"ఎల్లుండి ప్రాక్టికల్స్. మేడం నోటితోనే అడుగుతాది. నేను పోకుంటే సున్నా ఏస్తారు. ఏడాదంతా పోతాది."

"పోనీ. పోయినసారి సుగ్గికి రాలేదా నువ్వు?"

"వచ్చినా. వచ్చే గదా సదువులో ఎనకబడింది! నీ కాళ్ళు మొక్కుతా, నన్ను ఈడనే ఇడిసిపెట్టి పో అమ్మా."

"ఒంటి ఆడపిల్లను ఇడిసిపోతే ఆడ నాకు నిద్ర పడతాదా?"

"పక్కింట్లో మద్దమ్మవ్వ ఉంది గదా."

"ఆయమ్మకు కండ్లే కనపడవు. యాలే ఏడుస్తావు? ఏడవద్దు. నువ్వేడిస్తే నాకు కాళ్ళూ సేతులూ ఆడవు. ఆ నాలుగు ముక్కల మాట… దానికి అర్థమేంది?"

"పావురం పిల్ల ఉంటాది సూడు, అట్లాంటిది. పుట్టినప్పుడు కండ్లు తెరవదు, ఈకలుండవు. అమ్మ తెచ్చి నోట్లో పెడితేనే బతుకుతాది. దాన్ని ఆల్ట్రిషియల్ అంటారు."

"మరి కోడిపిల్ల? గుడ్డు పగిలిన పూటే ఉరుకుతాది, గింజలు ఏరుకుంటాది."

"అది ఏరే జాతి. ప్రికోషియల్ అంటారు. నేను అదే అమ్మా! వండుకుంటా, నీళ్ళు తెచ్చుకుంటా, గడియ పెట్టుకుంటా. నేను కోడిపిల్లను."

"మహాదేవమ్మా! ఎక్కుతావా, పొమ్మంటావా?"

"వస్తాండా ఉచ్చీరప్పన్నా!… ఇదో, తాళంచెవి. జొన్నలు ఆ మూల డబ్బాలో ఉండాయి."

"అమ్మా?"

"నీ మూట ఇప్పినా. సదువుకో."

"నిజంగానా?"

"కోడిపిల్లనంటివి గదా. లారీ కాడికి రావద్దు. నిన్ను సూస్తే నేను ఎక్కలేను."

"సరే… సరేమ్మా. రాను."

"అన్నా, ఎక్కినా. పోనియ్యి."

"అమ్మా! దుప్పటి ఈడనే ఇడిసిపోయినావే! ఆడ సలికి నువ్వేం కప్పుకుంటావు?"

"నీకే పెట్టినా! రావద్దంటి గదా, యాలే వచ్చినావు? పో, లోపలికి పో! ఆ మాట సెప్పుకుంటా ఉండు, మర్సిపోతావు. ఆల్, ట్రి…"

"నేను కోడిపిల్లను కాదమ్మా! లారీ ఆపమను! లారీ ఆపమను!"