జిలాన్ బాషా పండ్ల చదువు

ఏం పాపా, పండ్ల డాక్టరు చదువుకు సీటొచ్చిందంట కదా? మీ జేజి పొద్దున పాలకొచ్చినప్పుడు చెప్పె. కూచో, కూచో. ఆ కుర్చీ కాలు ఆడతాది, ఈ మంచం మీద కూచో. మంచి చదువే కదమ్మా, ఏం, పెద్ద డాక్టరు సీటు రాలేదని మొగం అట్ల పెట్టుకున్నావా? అట్లనుకోవద్దు. మా కాలంలో అట్లాంటి చదువొకటి ఉండాదనేదే ఈ దిక్కు ఎవరికీ తెలీదు. పన్ను నొస్తే లవంగం పెట్టుకునేది, తగ్గకుంటే గడ్డాలు గీకే హనుమంతప్ప కాడికి పోయేది, ఆయప్ప మోకాలు రొమ్ము మీద పెట్టి పటకారుతో పీకేది. అంతే వైద్యం. నల్లమాడ పక్కన మా పల్లెలో ఆ చదువు చదివినోడు ఒకే ఒకడు. జిలాన్ బాషా. నా ఈడోడే, ఇద్దరం ఒకే బడి. పోయి శానా ఏండ్లాయలే. నీకేం తెలుస్తాది, మీ నాయనకే తెలీదు.

వాని గురించి చెప్పాలంటే ముందు వాళ్ళ నాయన గురించి చెప్పాల. బుడేన్ సాబ్. మేమందరం బుడేన్ మామ అనేది. బావులు తవ్వే మనిషి. రాతిలో తూటాలు పేల్చి పేల్చి చెవులు పోయినాయి. ఏమడిగినా 'ఆఁ?' అనేది, ఊర్లో పిల్లోళ్ళందరూ ఆయప్పతో అరిచి మాట్లాడీ మాట్లాడీ గొంతులు పెద్దవి చేసుకున్న్యారు. నా గొంతు కూడా అట్ల వచ్చిందే, మా ఇంటామె ఇప్పటికీ తిడతాది. యాభై ఒకటో, యాభై రెండో, సర్కారోళ్ళు ఊరూరా గంజి పోసినారే, ఆ కరువు. మేము అప్పుడు ఇంతింత పిలకాయలం. చెరువు నెర్రెలు విచ్చె. ఉన్న బావులన్నీ ఎండిపాయ. ఆడోళ్ళు వంకలో ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్ళు చిప్పలతో ఎత్తుకుంటాండిరి. ఎనుములు నిలబడిన చోటే కూలబడతాండె. అప్పుడు ఈయప్ప ఊరి బయట పెద్ద రాతిగుండు పక్కన గడ్డపార వేసినాడు. 'ఏమప్పా సాబూ, అది రాయి, రాతిలో నీళ్ళు యాడుంటాయి?' అని అందరూ అనేవాళ్ళే. వినపడితే కదా! తవ్వతానే పోయె. ఊరందరి ఆశలూ చచ్చినాక ఒక పొద్దు తూటా పేలినాక లోపల్నుంచి అరిచినాడు చూడు. నీళ్ళు పడినాయి పాపా! ఊరి పెద్ద వీరప్ప ఆయప్పను భుజాలకెత్తుకొని తిప్పినాడు. మా అమ్మ ఈశ్వరమ్మ బావికి పసుపు కుంకుమ పెట్టి, అదే చేత్తో ఆయప్ప నుదుటికి పెట్టబోయి, 'అయ్యో, సాయిబుకు పెట్టొచ్చునో లేదో' అని ఆగిపాయ. ఆయప్పే తల వంచినాడు. అప్పట్నుంచి అది బుడేన్ సాబ్ బావి. ఎంత ఎండాకాలమైనా ఇంకలేదు. ఊరు ఊరంతా ఆ నీళ్ళతోనే బతికింది.

ఆఁ, జిలాన్. చదువులో చురుకు. బెంగుళూరులో పండ్ల కాలేజీలో సీటొచ్చె. వాళ్ళమ్మ ఫాతిమాబీ సంతలో కనపడినోళ్ళందరికీ 'మావోడు పండ్ల చదువు చదవతాండాడు' అని చెప్తాంటే, మా వీధి ఓబమ్మ 'ఏం పండ్లు బీబీ, మామిడి పండ్లా, సీతాఫలాలా?' అనె. నవ్వద్దు, నిజంగానే అడిగింది ఆయమ్మ.

సెలవులకొచ్చినప్పుడు వాడు చెప్తాంటే నేను నోరు తెరుచుకొని వినేది. మొదట్లో మనుషుల పన్ను ముట్టుకోనీరంట. మైనం దిమ్మ చేతికిచ్చి చాకుతో చెక్కమంటారంట. కోరపన్నుకు ఒక వంపు, దవడపన్నుకు గుంటలు, మిట్టలు, అన్నీ రావాల. కొంచెం తేడా వచ్చినా సారు దాన్ని గుప్పిట్లో నలిపి మళ్ళీ ముద్ద చేసి ఇచ్చేసేదంట. 'కండ్లు మూసుకొని వేలితో తడిమి, ఇది కింది దవడది, ఎడమ పక్కది అని చెప్పాల రామాంజీ' అనేది. నిజంగా చెప్తాండె! కోసిపెట్టిన పీనుగ మొగంలో సన్న నరాలు ఎతికినాక వారం పొడుగూతా ముద్ద మింగుడు పడలేదంట. ఆ పైన ఇనుప తలకాయలు, వాటికి రబ్బరు బుగ్గలు. ఆ నోట్లో నిజం పండ్లు బిగించి, కుట్టు మిషను మాదిరి కాలితో తొక్కే యంత్రంతో పుచ్చు తొలవడం నేర్చుకోవాల. ఆ నిజం పండ్లు ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలంట. ఇంగ చూడు, సెలవులకొస్తే ఇల్లిల్లూ తిరిగి పీకిన పండ్లు అడిగేది. ఓబమ్మ కొంగు నడుముకు చుట్టి లేసె. 'నా పన్ను నీకేంటికిరా? చేతబడి చేస్తావా?' 'లేదత్తా, దాన్ని చూసి చదువుకుంటా.' 'సరే తీస్కపో. నోట్లో ఉన్నన్నాళ్ళు నన్ను ఏడిపించింది, ఇప్పుడన్నా ఒకరికి పనికి రానీ' అని గూట్లో నుంచి తీసిచ్చె.

ఆ పండ్లల్లో ఒకటి మా ఊరి కొండప్ప చిన్న కొడుకుది. ఎద్దు తన్నితే ఊడిన ముందు పన్ను. దాన్ని సారు కిటికీ కాడికి తీసకపోయి తిప్పి తిప్పి చూసినాడంట. కన్నడాయన. 'ఇదు యావూర్దప్పా?' 'మా ఊర్దే సార్.' పన్ను మీద గోధుమ రంగు చారలు, సున్నం పెచ్చు మాదిరి మచ్చలు. 'మీ ఊర్లో పిల్లోళ్ళందరికీ ఇట్లేనా? యావ నీళ్ళు తాగతారు?' అన్న్యాడంట. వీడు రొమ్ము విరుచుకొని 'మా నాయన తవ్విన బావి నీళ్ళు సార్' అన్న్యాడంట. ఆ సారు పన్నును కాగితంలో చుట్టి పెట్టినాడంట. తర్వాత భుజం మీద చెయ్యేసి 'రజాకు, అదే సెలవులకు, ఊరికి పోయినప్పుడు, ఆ బావికి ముందు పుట్టినోళ్ళ నోరు, తర్వాత పుట్టినోళ్ళ నోరు చూసి రా' అన్న్యాడంట.

వచ్చినాడు. బడి అరుగు మీద కూచోని, బెల్లం ముక్క చేతిలో పెట్టి ఒక్కొక్కర్నే 'ఆ అను' అని చూసె. మేము ఏదో చదువు పరీక్ష అనుకొని నవ్వతాంటిమి. పిలకాయల పండ్లు అట్లుండేది మాకు కొత్తా ఏమన్నా? తోముకోరు ఎదవలు అని తిట్టేది అందరం. వాని సొంత చెల్లెలు మస్తానాబీ, అప్పటికి నీకంటే చిన్నది, నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. మా ఈడోళ్ళవి, మాకంటే పెద్దోళ్ళవి తెల్లగుండె. ఆ బావి తర్వాత పుట్టినోళ్ళవే అట్ల. చూడడం అయినాక జిలాన్ చెరువు కట్ట మీద కూలబడినాడు. 'రామాంజీ, ఇది తోమకపోతే వచ్చింది కాదురా. మా నాయన బావిలో వచ్చింది. ఆ రాతిలో ఏదో ఉండాది, అది నీళ్ళల్లో కలస్తాది. పండ్లతోనే ఆగదంట, ముదిరితే ఎముకలు బిగుసుకుంటాయంట, నడుములు వంగవంట.'

వాళ్ళ నాయనకు చెప్పాల. చెవిటాయప్పకు గుట్టు ఎట్ల చెప్పేది? అరవాల. ఇంట్లో అరిస్తే ఊరంతా వింటాది. అందుకని గుట్ట మీదికి పిల్చకపోయె, నన్నూ రమ్మనె. ఆ గుట్ట మీద నిలబడి, కన్న తండ్రి చెవిలో, నీ బావి పిల్లోళ్ళను పాడు చేస్తాంది నాయనా అని వాడు అరస్తాంటే, నేను ఆ పక్కకు తిరుక్కొని నిలబడినా. బుడేన్ మామకు మొదట కోపమొచ్చె. 'ఎనుములు చచ్చేటప్పుడు మీ కాలేజీ యాడుండెరా? ఆ పొద్దు ఈ నీళ్ళు పడకుంటే నువ్వు బతికుంటివా?' కాసేపటికి ఆయప్పే మెల్లగా 'మన మస్తానాబీకి కూడా ఇదేనా?' అనె. 'అవును నాయనా.' 'మందు లేదా?' 'వచ్చినదానికి లేదు. ఇంగ పుట్టేవాళ్ళకు ఆ నీళ్ళు పెట్టకుంటే చాలు.' ఆయప్ప కింద ఊరి తట్టు శానా సేపు చూసినాడు పాపా. ఆమీట వాని చెయ్యి పట్టుకొని, 'ఇప్పుడు చెప్పద్దు నాయనా. ఇంగొక నీళ్ళు చూపించకుండా ఈ నీళ్ళు తాగద్దంటే వాళ్ళు యాడికి పోతారు? వానలు పడనీ. చెరువు నిండనీ. నేనే నా నోటితో చెప్తా. అంతవరకు మాట ఇయ్యి' అనె. ఇచ్చినాడు. తండ్రి అడిగితే ఎవరు ఇయ్యరు?

వాన పడితే కదా! ఈ సీమలో వానను నమ్ముకొని మాట ఇచ్చినాడు చూడు. ఆ ఏడు లేదు, మరుసటేడు నాలుగు చినుకులు. జిలాన్ సెలవులకొచ్చినప్పుడల్లా వాళ్ళ నాయన మొగం చూసేది, ఆయప్ప ఆకాశం చూసేది. ఈలోపల ఊర్లో ఉయ్యాలలు కడతానే ఉండిరి. బుడేన్ మామ మాత్రం ఒక పని మొదలుపెట్టె. తెల్లారి కావడి ఎత్తుకొని వంకకు పోయి, చెలమ తోడి, ఆ నీళ్ళు చంటిబిడ్డలుండే ఇండ్లల్లో పోసేది. 'ఏం మామా ఇది?' అంటే 'దర్గాలో మొక్కుకున్న్యా, ఈ నీళ్ళు బిడ్డలకే పెట్టండమ్మా' అనేది. వీరప్ప ఎగతాళి చేసేది. 'ఊరికంతా బావి తవ్విచ్చి, నువ్వు చెలమ నీళ్ళు మోస్తాండావా సాబూ? ముసలితనానికి మతి పోయిందా?' వినపడనట్ల పోయేది. అప్పుడు నిజంగా వినపడలేదో, వినపడిందో, నాకు తెలీదు.

అరవై ఐదు దాటినాక కరువు చూడు, దాని పేరు ఎత్తద్దు. వంక పైకంటా ఎండిపాయ. చెలమ కోసం దూరం పోవాల్సొచ్చె. ఒక ఎండపొద్దు ఆయప్ప రాలేదు. పోయి చూస్తే కావడి పక్కన బోర్లా పడుండాడు. కడవ ఒరిగి నీళ్ళు ఇసకలో ఇంకిపోయుండాయి. జిలాన్ అప్పటికి పరీక్ష పాసై, బెంగుళూరు ఆస్పత్రిలో పని నేర్చుకుంటాండాడు. బస్సులు మారి మారి వచ్చేసరికి మట్టి చేసేసిరి.

నలభై దినాల ఫాతిహాకు ఊరంతా వచ్చింది. హిందువులు, సాయిబులు అని లేదు. అన్నాలు తిన్న్యాక వాడు లేచి నిలబడి చెప్పేసినాడు. 'మా నాయనకు ఏ మొక్కూ లేదు. ఆ బావి నీళ్ళు బిడ్డలకు మంచివి కావు. ఆయనకు తెలుసు. అందుకే మోసినాడు.' ఆమీట వీరప్ప లేసినాడు. ఎగతాళి చేసిన ఆయప్పే, అప్పుడు కండ్లనిండా నీళ్ళు. 'మీ నాయన ఏనాడన్నా ఆ మాట అన్న్యాడా జిలానూ? ఆయన నోటితో ఒక్కతూరి అనింటే నమ్ముదుము. ఊరిని బతికించిన మనిషి, తెలిసి తెలిసి మాకు విషం తాపిస్తాడా?' ఓబమ్మ అయితే 'చచ్చినోని మీద మన్ను ఆరలేదు, అప్పుడే ఆయప్ప పేరు చెడగొడతాండావా? ఇదేనా నువ్వు నేర్చుకున్న చదువు?' అని దుమ్మెత్తి పోసింది. 'గుట్ట మీద ఆయప్ప నోటి మాట నేను విన్న్యా' అని నేను లేస్తే, 'నువ్వు వాని స్నేహితునివి, అట్లే అంటావులే' అని కూచోబెట్టిరి. వాళ్ళది తప్పంటావా? వాళ్ళు బుడేన్ మామను ప్రేమించబట్టే ఆ మాట నమ్మలేదు. ఫాతిమాబీ కొడుకు రెక్క పట్టుకొని 'ఇంట్లోకి రా నాయనా, చాలు' అనె. 'పెద్దోళ్ళు తాగండి, ఒక్క చంటిబిడ్డలకన్నా వద్దు' అని వాడు అంటానే ఉండాడు. మా ఇంటామె వరలక్ష్మమ్మ ఒక్కతే విన్నది. మా పెద్దోనికి వాన నీళ్ళు, చెలమ నీళ్ళు, దొరికినకాడికి కాచి తాపించింది. వాని పండ్లు చూడు ఎప్పుడన్నా.

జిలాన్ కదిరిలో చిన్న గది తీసుకొని బోర్డు కట్టినాడు. చెయ్యి మెత్తన. వాడు పన్ను పీకితే 'అయిపోయిందా?' అని అడిగేది జనం. ఊరికి మాత్రం రాలేదు. నేనే పోయి చూసొచ్చేది. ఒకనాడు పనిముట్లు నీళ్ళల్లో ఉడకబెడతా ఉండి అన్న్యాడు, 'అన్నీ నేర్పించినారు రామాంజీ. పన్ను యాడ పట్టుకోవాల, ఎంత లాగాల, చెయ్యి ఎప్పుడు ఆపాల. ఇట్లాంటి మాట ఎప్పుడు చెప్పాలనేది మాత్రం నేర్పలేదు. వాన కోసం చూడకుండా ఆ పొద్దే ఊరికి చెప్పింటే నాయన ఉండగానే ఒప్పించుకుందును. ఆయన ఔనంటే ఊరంతా ఔననేది.' తర్వాత ఎప్పుడో ఆఫీసర్లొచ్చి సీసాలల్లో నీళ్ళు పట్టకపోయి, ఆ బావి మీద తాగరాదని ఎర్రగా రాసిరి. అప్పుడు అందరూ నమ్మినారు. అప్పటికి జిలాన్ లేడు. గుండె పట్టుకొని పోయినాడు, ముప్పైఐదు కూడా లేవు. ఆ బావి తర్వాత పుట్టినోళ్ళు కొందరు అప్పటికే నడుము పట్టేసి కట్టె మాదిరి నడస్తాండిరి.

ఇంగొకటి, వాడు బతికుండంగా జరిగింది. అరవై తొమ్మిదిలో అనుకుంటా, నేను వాని గదిలో కూచోనుంటి. ఒకామె చిన్న పాపను చంకనేసుకొని వచ్చె. మా ఊరికే కొత్తగా వచ్చిన కోడలు, వీడెవరో తెలీదు. 'సార్, ముందు పండ్లు ఇప్పుడే వస్తాండాయి, అప్పుడే మచ్చలు. తెల్లగ చెయ్యండి సార్.' జిలాన్ వంగి చూసినాడు. ఏ ఊరు తల్లీ అన్న్యాడు. చెప్పింది. 'ఆ బావి నీళ్ళు పాపకు పెట్టద్దమ్మా. వాన నీళ్ళు పట్టుకో, ఏదన్నా చెయ్యి, అది మాత్రం వద్దు.' ఆమె మొగం మారిపాయ. 'ఏం మాటది సార్? ఆ బావి తవ్విన మహానుభావునికి మేము పొద్దున లేస్తే దండం పెట్టుకుంటాము. నువ్వెవరు ఆయన్నంటానికి?' అని పాపను లాక్కొని చరచరా మెట్లు దిగి పోయింది. చేతిలో చిన్న అద్దం అట్లే పట్టుకొని నిలబడినాడు. నేను 'బుడేన్ మామ కొడుకునని చెప్పింటే ఏమైతుండెరా?' అంటి. వాడు నన్ను చూసి, 'దండం పెట్టుకుంటాండారంట రామాంజీ' అన్న్యాడు. నవ్వతాండాడో ఏడస్తాండాడో...

...

పో పాపా, మీ జేజి పిలుస్తాండాది. పోతా పోతా ఆ లైటు ఆర్పేసి పో.