నాలుగడుగుల కిటికీ, తొమ్మిదడుగుల రెక్క

బుధవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు వడ్రంగి తన అక్క ఇంట్లో మేడమీది గది కిటికీని టేపుతో కొలిచాడు. వెడల్పు నాలుగడుగులు, ఎత్తు నాలుగడుగులు. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. కిటికీ పెరగలేదు.

తర్వాత వెనక్కి తిరిగి గది మధ్యలో ఉన్న విమానాన్ని కొలిచాడు. అది రేడియోతో నడిపే బొమ్మ విమానం. బొమ్మ అన్నమాటే గానీ, పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, ఒక్కోటి ఈ కొస నుంచి ఆ కొసకు తొమ్మిదడుగులు. ముక్కు నుంచి తోక దాకా ఏడడుగులు. బావ దాన్ని పద్నాలుగు నెలలుగా ఆ గదిలోనే కూర్చాడు. రెక్కల లోపలి సన్నటి బద్దలు నలభై నాలుగింటినీ వడ్రంగే కోశాడు. ఒక్కొక్కదాన్నీ గరుకు కాగితంతో రుద్ది, వెలుతురుకు పట్టి చూసి మరీ ఇచ్చాడు.

విమానం సామాన్ల పెట్టెతో పాటు వచ్చిన కాగితంలో, రెక్కల్ని బోల్టులతో బిగించండి, బయటికి తీసుకెళ్లేటప్పుడు విప్పుకోండి అని రాసి ఉంది. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇరవై ఆరేళ్లుగా వదులైన బోల్టులతోనే కాపురం చేస్తున్నాడు. విప్పడానికి వీలున్న బోల్టును నమ్మకూడదన్నది అతను వృత్తిలో నేర్చుకున్న మొదటి పాఠం. అందుకని రెక్కల్నీ, రెక్కల మధ్య నిలువు కర్రల్నీ, మొండేన్నీ కలిపి రాయిలా గడ్డకట్టే జిగురుతో అతికేశాడు. ఇప్పుడు విమానం మొత్తం ఒకటే ముక్క. గది తలుపు వెడల్పు రెండున్నర అడుగులు.

అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఎటు తిప్పినా రాదా?"

"రాదక్కా. నిలువునా, అడ్డంగా, ఏటవాలుగా మూడు రకాలా చూశాను. ముక్కు దూరితే రెక్క తగులుకుంటుంది, రెక్క దూరితే తోక తగులుకుంటుంది."

"శనివారం సాయంత్రం అమ్మ వస్తోంది. ఈ గది ఇస్తానని మాటిచ్చాను. మీ బావనడిగితే పైకప్పు చూస్తాడు తప్ప నోరు విప్పడు. శుక్రవారం రంపం పట్టుకుని రా."

"నలభై నాలుగు బద్దలక్కా."

"నాకు మాత్రం సరదానా? దాని రెక్కల మీది గుడ్డంతా ఇస్త్రీపెట్టెతో బిగించింది నేను కాదూ?" అని ఆవిడ విమానం వైపు చూడకుండానే మెట్లు దిగింది.

వడ్రంగి కొలతలు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం అయిదున్నరకు అతను టీకొట్టుకు వెళ్లేసరికి బావ బెంచీ మధ్యలో కూర్చుని ఉన్నాడు. నోరు విప్పడని అక్క చెప్పిన మనిషి ఇతనేనా అన్నట్టుంది వాలకం. కొట్టుకు వచ్చేవాళ్లంతా అతన్ని పైలట్ అంటారు. పైకీ కిందికీ తప్ప పక్కకు కదిలే యంత్రాన్ని ముట్టి ఎరగని మనిషికి ఆ పేరు పెట్టింది తాపీమేస్త్రీ. ఆ మేస్త్రీ ఎదురుగానే ఉన్నాడు. పక్కన పళ్ల డాక్టరు, చేతిలో కలం, ఒడిలో ఒక ఫారం. బొమ్మ విమానాల క్లబ్బుకు ఆయనే పెద్ద. ఆదివారం మైదానంలో ప్రదర్శన. కొత్త విమానం జనం ముందు ఎగరాలంటే అంతకు ముందే ఒకసారి ఎగిరి, క్షేమంగా దిగి ఉండాలి. కళ్లారా చూసినవాళ్లు సంతకం పెట్టాలి. క్లబ్బులో ఉన్నది అదొక్కటే రూలు.

"ఎగిరిందా అండీ?" అని అడిగాడు డాక్టరు.

"ఎగరకేం? పోయిన ఆదివారం తెల్లారగట్ల, పాత ఇటుకల బట్టీ అవతల. ముందు పంకాను ఒక్క తిప్పు తిప్పాను, బుర్రుమంది, కంపెనీవాడి మోటారైతే పది తిప్పులకు గానీ పలకదు, దాన్ని పీకేసి చెట్లు నరికే రంపం మోటారు పెట్టాను గదా, దానికి ఎదురుగా చెట్టున్నా లేకపోయినా ఆవేశం ఒకటే. ముప్ఫై అడుగులు పరిగెత్తింది, లేచింది. ఒక చుట్టు తిరిగింది, దిగింది. ఇందులో గొప్పేముంది, అందరూ చేసేదే."

"చూసిందెవరు?"

"ఎవరేమిటండీ, ఇడుగో మా బామ్మర్ది. పక్కనే ఉన్నాడు. రారా, సరిగ్గా వేళకొచ్చావు, ఇక్కడొక సంతకం గీకు."

ఫారం, కలం వడ్రంగి చేతిలోకి వచ్చాయి. రంపం మోటారు మాట నిజమే, అతనే దాన్ని పట్టుకుంటే బావ బిగించాడు. కానీ ఆ మోటారు ఇంతవరకూ ఒక్క చుక్క నూనె తాగలేదు. సంతకం పెడితే ఆదివారం జనం ముందు ఖాళీ మైదానం చూసి క్లబ్బంతా నవ్వుతుంది. పెట్టకపోతే ఇప్పుడే కొట్టంతా నవ్వుతుంది. ఎవరు ఎప్పుడు నవ్వినా శుక్రవారం రంపం తన చేతిలోనే ఉంటుంది. అతను కలం మూత తీసి, మళ్లీ పెట్టాడు.

బావకు ఆ మూత చప్పుడు వినిపించింది. చెప్పింది చాలలేదనుకున్నాడు.

"అసలు మా వాడు మాట రాక అలా ఉండిపోయాడండీ, ఆ రోజు నుంచీ ఇంతే. ఎందుకో తెలుసా? విమానం అంత నిలకడగా పోతోంది. ఎంత నిలకడంటే, రెండో చుట్టులో కిందికి రప్పించి, పై రెక్క మీద టీ గ్లాసు పెట్టి మళ్లీ పంపాను. నిండు గ్లాసు. మైదానం మూడుసార్లు చుట్టొచ్చింది, చుక్క ఒలకలేదు."

"టీ చల్లారిపోయి ఉంటుందే?" అన్నాడు టీకొట్టాయన, వృత్తి మీద గౌరవం కొద్దీ.

"అదే మరి! మోటారు వేడికి పొగలు కక్కుతూ వచ్చింది. నువ్విచ్చే టీ కన్నా వేడిగా ఉంది, ఏమీ అనుకోకు."

డాక్టరు వడ్రంగి వైపు చూశాడు. వడ్రంగి ఫారం మీద దుమ్ము దులిపాడు. దాని మీద దుమ్ము లేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" బావ బెంచీ అంచుకు జరిగాడు. "గాలి లేచింది. మామూలు గాలా, ఇటుకలు దొర్లుతున్నాయి. ఇంకోడి విమానమైతే చింకిపాతయ్యేది. నాది ఎదురెక్కింది. ఎక్కి ఎక్కి చుక్కంత అయిపోయింది. రేడియో అందదేమోనని మా వాడు ఒకటే కంగారు. ఒరేయ్ పిచ్చోడా, దీని తీగకు పదంతస్తుల లిఫ్టు తాడు కలిపాన్రా, పక్క దేశం దాకా అందుతుంది అన్నాను. ఇంతలో వలసపోయే కొంగల గుంపు ఒకటి వచ్చింది. మా విమానాన్ని చూశాయి, వాటి నాయకుణ్ని పక్కన పెట్టి దీని వెనక వరస కట్టాయి. మరి ఆ నాయకుడేం చేశాడో తెలుసా?"

"రాజీనామా ఇచ్చిందా?" అన్నాడు మేస్త్రీ.

"కింది రెక్క మీద కూర్చుంది! పాపం ముసలి కొంగ, ఎన్నేళ్ల నుంచి మోస్తోందో ఆ బాధ్యత. కునుకు తీసింది."

"గురక వినపడిందా పైలట్ గారూ?"

"మోటారు చప్పుడులో ఎలా వినపడుతుందయ్యా, కాస్త బుర్ర పెట్టి అడుగు."

మేస్త్రీ తప్పయిందన్నట్టు చెంపలు వేసుకున్నాడు. కలం ఇంకా వడ్రంగి వేళ్ల మధ్యే ఉంది. అతనికి బావ అబద్ధం చెబుతున్నాడన్న కోపం లేదు. ఆ విమానం ఎగిరితే ఎలా ఉంటుందో ఈ పద్నాలుగు నెలలూ రాత్రీ పగలూ ఊహించుకున్న మనిషి తప్ప ఇంకొకడు ఇలా చెప్పలేడు. అదే అతనికి కష్టంగా ఉంది.

బావ మాత్రం సంతకం పడని ఫారాన్నే చూస్తున్నాడు.

"నూనె అయిపోయింది. అయితే ఏం? మబ్బులో దూరింది. దాని రెక్కలకున్నది గుడ్డే గదా, ఇంటావిడ బిగించిన గుడ్డ, తడి పీల్చుకుంది, మోటారు ఆ తడి మీదే ముప్పావుగంట నడిచింది. ప్రయాణికుల విమానమొకటి ఎదురొచ్చింది. అందులో పైలట్ రేడియోలో నాతో ఏమన్నాడో తెలుసా? 'ముందు తమరు వెళ్లండి సార్, మా విమానంలో అంతా ఖాళీగా ఉన్నవాళ్లే' అన్నాడు. దిగాక రెక్కలు పిండితే రెండు బకెట్ల నీళ్లు. అడగండి మా వాణ్ని, బకెట్ పట్టుకున్నది వాడే."

"నీళ్లు ఉప్పగా ఉన్నాయా, చప్పగా ఉన్నాయా?" అని మేస్త్రీ వడ్రంగినడిగాడు.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. అది బావ కంట పడింది. ఇక లేచి నిలబడ్డాడు.

"ఇవన్నీ ఒక ఎత్తు. అసలుది చెప్పలేదు, చెబితే నమ్మరని. మళ్లీ నూనె పోసి వదిలేటప్పుడు తోక పట్టుకున్నాను గదా, చెయ్యి తీసేలోపే లేచిపోయింది. నాతో సహా! ఎనభై కిలోల మనిషిని, బూట్లు అదనం. కాళ్ల కింద ఇటుకల బట్టీ అగ్గిపెట్టంత. ఈ టీకొట్టు పైనుంచే పోయాను, నువ్వు పాలల్లో నీళ్లు కలుపుతున్నావు, చూశాను, ఎవరికీ చెప్పలేదు. మా ఇల్లు వచ్చింది. ఇంటావిడ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. తలెత్తి చూసింది. భయపడిందా? కంగారుపడిందా? 'వచ్చేటప్పుడు సబ్బు తీసుకురండి' అంది. సబ్బుల కొట్టు ముందే దించాను. చిల్లర కూడా అడగలేదు కొట్టువాడు, అంత ఆశ్చర్యపోయాడు!"

టీకొట్టాయన చప్పట్లు కొట్టాడు. మేస్త్రీ ఈల వేశాడు. బావ రొప్పుతూ కూర్చుని, "పెట్టరా సంతకం," అన్నాడు. ఆ మాట మాత్రం మెల్లిగా అన్నాడు.

వడ్రంగి కలం బల్ల మీద పెట్టాడు.

"బావా, ఇంటిని పైనుంచి చూశావు కదా?"

"చూశాన్రా, చెప్పానుగా."

"మేడమీది గది కిటికీ ఎంత వెడల్పుందో చూశావా?"

"ఏ కిటికీ?"

"విమానం ఉన్న గది కిటికీ." జేబులోంచి కాగితం తీసి ఫారం మీద పరిచాడు. "పొద్దున కొలిచాను. కిటికీ నాలుగడుగులు. తలుపు రెండున్నర. రెక్క తొమ్మిది. జిగురు నువ్వే వేశావు. కొంగలూ మబ్బులూ అన్నీ ఒప్పుకుంటాను, సబ్బు కూడా ఒప్పుకుంటాను. అది గదిలోంచి బయటికెలా వచ్చిందో అదొక్కటి చెప్పు బావా, సంతకం పెట్టేస్తాను."

అందరూ బావ వైపు చూశారు. అతను నోరు తెరిచాడు. జవాబు వస్తుందనే అనుకున్నారు, ఇరవై ఆరేళ్లలో రాకుండా ఎప్పుడూ లేదు. ఈసారి రాలేదు.

"బోల్టులు వదులవుతాయని భయమేసిందిరా," అన్నాడు చివరికి. "అంత ఎత్తున."

మేస్త్రీ నవ్వడానికి సిద్ధంగా పెట్టుకున్న ముఖాన్ని టీ గ్లాసు వెనక్కి తీసుకెళ్లాడు.

"శుక్రవారం కోసెయ్యమంది అక్క," అన్నాడు వడ్రంగి అందరితో. "నా చేత్తో చేసిన బద్దలు. నాకు చేతులాడవు."

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ గోడ వీధి వైపా, పెరటి వైపా?"

"పెరటి వైపు."

"బరువు మోసే గోడ కాదది. కట్టింది మా నాన్నే. పైన ఇనప దూలం వేస్తే ఎంతైనా విప్పొచ్చు. అయితే పైలట్ గారూ, మీ ఇంటావిడకు మీరే చెప్పాలి. నేను వెయ్యి గోడలు పడగొడతాను గానీ ఆవిడతో మాట్లాడలేను."

డాక్టరు ఫారం తీసుకున్నాడు. 'ఎగిరిందా?' అన్న ప్రశ్న ఎదురుగా 'ఇంకా గది దాటలేదు' అని రాసి, "ఆదివారం పొద్దున ఆరింటికి, జనం రాకముందు, ఖాళీ మైదానంలో ఎగరండి. సంతకం నేను పెడతాను," అన్నాడు.

అక్క ఒప్పుకుంది. ఎలా ఒప్పుకుందో బావ ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం గోడ విప్పారు. విమానాన్ని కిందికి దించే పని బావదే. కప్పీ, తాడు, బరువుకు ఎదురుబరువు, అంతా లిఫ్టు లెక్కే. అది చేసిన మొదటి ప్రయాణం పై నుంచి కిందికి, పద్నాలుగడుగులు. ఎక్కడా కుదుపు లేదు. శనివారం సాయంత్రం వచ్చిన అత్తగారు గోడ ఉండాల్సిన చోట వేలాడుతున్న టార్పాలిన్ చూసి, "అల్లుడు గాలొచ్చే గదే ఇచ్చాడు," అంది. ఆదివారం ఆరూ ఇరవైకి విమానం లేచింది. డాక్టరు పుస్తకంలో నాలుగు నిమిషాల పది సెకన్లు అని ఉంది. సాక్షి సంతకాలు మూడు ఉన్నాయి, ఒకటి చాలు.

తర్వాతి గురువారం వడ్రంగి కొత్త కిటికీ చట్రం కోసం గోడ కంత కొలిచాడు. పదిన్నర అడుగులు వచ్చింది. విమానం తొమ్మిదే కదా, మేస్త్రీ చెయ్యి జారిందనుకుని కిందికి కేకేశాడు.

"నేను చెయ్యి జారే మనిషినా?" అన్నాడు మేస్త్రీ పెరట్లోంచి. "అంత కొట్టమని చెప్పింది మీ అక్కే."

ఎందుకో అనుకుంటూ వడ్రంగి టేపు వదిలాడు. అది చుట్టుకుంటూ దొర్లి అమ్మ మంచం కిందికి పోయింది. వంగి చూశాడు. మంచం కింద, గోడవార, ఇంకా తాళ్లు విప్పని పొడుగాటి అట్టపెట్టె ఒకటి ఉంది. పక్కనే అక్క పాత చీరకొంగులో మూటకట్టిన ఇస్త్రీపెట్టె. అట్టపెట్టె మీద విమానం బొమ్మ, బొమ్మ కింద రెక్క కొలత అచ్చువేసి ఉన్నాయి: పదడుగులు.