గిరిగాడి చివరి చావు

సభాధ్యక్షులు, నిర్మాత శ్రీ వెంకటేశ్వరరావు గారికి, జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాటేశానని అరగంట నుంచీ కబుర్లు పంపుతూ కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంచిన ముఖ్య అతిథి గారికి, అధ్యక్షుల వారి అబ్బాయి, ఈ గేమ్ కంపెనీ యజమాని వేదాంత్‌కి, గిరిగాడి బొమ్మ గీసి వాడి లోకమంతా కట్టిన మైత్రేయికి, నా తోటి డబ్బింగ్ కళాకారులకి, ఫిల్మ్ నగర్ పెద్దలకి, ఆదివారం పూట నిద్ర మానుకుని వచ్చిన ఆటగాళ్ళకి, పిల్లల చేతుల్లోంచి ఫోన్లు లాక్కుని తాము ఆడుకునే తండ్రులకి, అందరికీ పేరుపేరునా నమస్కారం. (నవ్వులు)

నా పేరు జ్ఞానప్రసూనాంబ. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కాబట్టి చెబుతున్నాను. నలభై ఏళ్ళుగా మన సినిమాల్లో తెర మీద చిన్నపిల్లాడు నోరు తెరిస్తే, చాలాసార్లు మాట్లాడింది నేను. తొమ్మిదేళ్ళుగా ఈ గిరిగాడి గొంతు కూడా నాదే.

ముందు ఎవరైనా లేచి ఆ శాలువా సంగతి చూడండి. మళ్ళీ జారింది. గిరిగాడి అట్టబొమ్మ మీద శాలువా ఎలా నిలుస్తుందండీ? పక్కన కుర్చీ మీద పెట్టండని పొద్దున్నే మొత్తుకున్నాను. సన్మానం వాడికి కదమ్మా, వాడికే కప్పాలి అన్నారు. కప్పారు. ఇప్పుడు పిన్నీసులు వెతుక్కుంటున్నారు. వద్దు బాబూ, అది తెచ్చి నాకు కప్పకు, ఈ ఉక్కలో నేను భరించలేను. అక్కడే ఉంచు. (నవ్వులు)

ఆ వెనక వరసలో ఉన్న బాబులూ, నేను మైకు పట్టుకున్న దగ్గర్నుంచీ ‘నవ్వండమ్మా, నవ్వండమ్మా’ అంటున్నారు. వినపడింది. చెవుడు ఇంకా రాలేదు. ఆ నవ్వు గురించి చెప్పడానికే వచ్చాను, కాస్త నోళ్ళు మూసుకుంటే చెప్పేసి కూర్చుంటాను.

ఆటలు తెలియని పెద్దవాళ్ళ కోసం రెండు ముక్కలు. గిరిగాడికి పన్నెండేళ్ళు. తొమ్మిదేళ్ళ కిందటా పన్నెండే, ఇప్పుడూ పన్నెండే. ఎర్ర నిక్కరు, దువ్వని జుట్టు. ఫోన్‌లో మీరు వేలితో తోస్తే వాడు రాళ్ళగుట్టల మీద ఒక బండ మీంచి ఇంకో బండ మీదకి దూకుతాడు. మీరంతా జూబ్లీ హిల్స్‌లో ఇళ్ళు కట్టుకోవడానికి పేల్చేసిన బండలు ఉన్నాయే, అవన్నీ ఈ ఆటలో భద్రంగా ఉన్నాయి. వాడు కాలు జారి పడతాడు, చస్తాడు, మీరు నొక్కితే మళ్ళీ లేస్తాడు. అంతే ఆట. ఇందులో ఏముందని నన్నడక్కండి. నేనూ ఒకసారి ఆడాను. మొదటి బండ దాటలేకపోయాను.

వాడంత మొండి వెధవని నా జీవితంలో చూడలేదు. దూకొద్దురా అంటే దూకుతాడు. గుట్ట మీంచి పడితే ఒక కేక, నీళ్ళలో పడితే ఒక కేక, తేనెటీగలు కుడితే ఒకటి, మేక పొడిస్తే ఇంకొకటి. మేక పొడిస్తే ఎలా చస్తారో మీలో ఎవరైనా చెప్పగలరా? నేను చెప్పగలను. కృష్ణానగర్‌లో గాలాడని రికార్డింగ్ గదిలో, ఏసీ చప్పుడొస్తుందని ఆపేసి, చెమటలు కక్కుతూ మేక పొడిచిన చావు నాలుగు రకాలుగా చచ్చాను. మైత్రేయి నాలుగూ విని, ‘అమ్మా, ఇంకొంచెం చిన్న మేక’ అంది. (నవ్వులు) నవ్వకండి. ఆ రోజు గొంతు పోయి వారం రోజులు ఇంట్లో సైగలతోనే మాట్లాడాను.

సరే, అసలు సంగతికి వస్తాను. రేపటితో ఈ గేమ్ ఆగిపోతుంది. సర్వర్ ఆపేస్తున్నామన్నాడు వేదాంత్. సర్వర్ అంటే ఏమిటో నాకు తెలియదు. అది ఆపేస్తే వాడు ఎక్కడికి పోతాడురా అని అడిగితే, ఎక్కడికీ పోడమ్మా, ఉండడు అన్నాడు. అంత తేలిగ్గా అనేశాడు. ఈ సాయంత్రం ఆఖరి గుట్ట తెరుస్తారు. అందులో గిరిగాడు ఊళ్ళోవాళ్ళందరినీ లోయ దాటించి, తను మాత్రం జారిపోతాడు. ఆ చావుకి గొంతు ఇమ్మని రెండు వారాలుగా నా ప్రాణం తోడేశారు. చావడానికి నాకేం అభ్యంతరం లేదు, అలవాటైన పనే. నవ్వు లేకుండా చావమన్నారు. గొడవంతా అక్కడే వచ్చింది.

ఈ నవ్వు ఎక్కడిదో సినిమావాళ్ళకి చెప్పక్కర్లేదు. మన సెట్లలో శవం వేషం వేసినవాళ్ళు, షాట్ అయ్యాక లేచి కెమెరా వంక చూసి ఒక్క నవ్వు నవ్వుతారు. నవ్వకుండా ఎవరూ సెట్ దాటరు. పోయింది వేషం, నేను బాగానే ఉన్నాను అని దేవుడికి చెప్పుకోవడం అది. డబ్బింగ్‌లో మా గురువుగారు మాకూ అదే నేర్పారు. మైకు ముందు చచ్చినవాళ్ళు మైకు ముందే నవ్వి బయటికి రావాలి. నేను ఏనాడూ తప్పలేదు.

గిరిగాడి మొదటి చావు రోజునా అంతే. కేక పెట్టాను, చచ్చాను, ఆచారం ప్రకారం వాడి గొంతుతోనే కిసుక్కున నవ్వి బయటికొచ్చాను. మా సౌండ్ ఇంజనీరు నర్సింహకి ఇది తెలుసు కాబట్టి నవ్వు అయ్యేదాకా మైకు ఆపడు. అదంతా కలిపి కంపెనీకి పంపాడు. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన మైత్రేయికి ఈ ఆచారం తెలియదు. నవ్వు కూడా చావులో భాగమే అనుకుని అలాగే పెట్టేసింది. సినిమా ఇంట్లో పుట్టి పెరిగిన ఈ వేదాంత్‌కైనా తెలియొద్దూ? తెలియలేదు. గేమ్ బయటికొచ్చింది. గుట్ట మీంచి పడి చచ్చిన పిల్లాడు చచ్చాక కిసుక్కున నవ్వుతున్నాడు. నేను విని తల పట్టుకున్నాను. తీసెయ్యండి, పరువు పోతుందని ఫోన్ చేశాను.

అప్పటికే ఆలస్యమైపోయింది. పిల్లలు ఆ నవ్వు కోసమే వాణ్ణి గుట్ట మీంచి తోసేస్తున్నారు. ఆఫీసుల్లో లిఫ్టులో ఎవరి ఫోన్‌లోంచో ఆ నవ్వు వినిపిస్తే పక్కవాళ్ళూ నవ్వుతున్నారు. చచ్చినా నవ్వే కుర్రాడు అని పేపర్లో రాశారు. ఇది ఎవరి ఆలోచన అని టీవీలో అడిగితే మన వేదాంత్ ఏమన్నాడో గుర్తుందా? జీవితంలో ఓటమిని చూసి నవ్వాలన్నది నా ఫిలాసఫీ అన్నాడు. (పెద్దగా నవ్వులు) అధ్యక్షుల వారు నన్ను క్షమించాలి. మీరు నవ్వుతున్నారు కాబట్టి క్షమించేసినట్టే.

అలా తొమ్మిదేళ్ళు చచ్చాను, నవ్వాను. ఒక్క మాట చెబుతాను. నాలుగేళ్ళ కిందట మా ఆయన సుబ్రహ్మణ్యం గారు పోయారు. నెల తిరక్కుండా నర్సింహ ఫోన్ చేశాడు, కొత్త గుట్టకి కేకలు కావాలట. మా బంధువులు మండిపడ్డారు, ఇంట్లో అంత జరిగితే స్టూడియోకి ఏమిటి అని. నేను వెళ్ళాను. చచ్చాను. ఆచారం కదా, నవ్వాను. ఆ నెలంతట్లో నేను నవ్విన నవ్వు అదొక్కటే. నిజం చెప్పాలంటే ఆ తరవాత కూడా ఇంట్లో నవ్విందేమీ పెద్దగా లేదు. నవ్వాలనిపిస్తే గిరిగాడి కోసం పిలుపు వచ్చేదాకా ఆగేదాన్ని.

ఎందుకంత మౌనంగా అయిపోయారు? ఇది సంతాప సభ కాదు. వేదాంత్ ఫ్లెక్సీ మీద ‘వీడ్కోలు సంబరం’ అని వేయించాడు, చూసుకోండి.

అందుకని, నవ్వు లేకుండా చావను అని చెప్పేశాను. ఆచారం అన్నాను, అపశకునం అన్నాను, గొంతు బాగాలేదన్నాను. వేదాంత్‌కి విసుగొచ్చి, పర్లేదమ్మా, మీ పాత గొంతంతా మా దగ్గరుంది, మెషిన్‌తో చేయించుకుంటాం అన్నాడు. చేయించుకోమన్నాను. చేయించి నాకే వినిపించాడు. బాగా చచ్చిందండీ, ఒప్పుకోవాలి. చచ్చి, ఒక్క క్షణం ఆగి, కిసుక్కున నవ్వింది. (నవ్వులు, చప్పట్లు) నా చావులన్నీ వినిపించి నేర్పారు కదా, చావంటే చివర్న నవ్వాలని అదీ నేర్చుకుంది. నవ్వు కత్తిరించారు. కత్తిరిస్తే ఎవరో నోరు నొక్కినట్టుంది. మైత్రేయి వద్దంది.

మొన్న మైత్రేయి మధురానగర్‌లో మా ఇంటికొచ్చింది. మళ్ళీ పోరు పెట్టడానికే వచ్చిందనుకుని కాఫీ కూడా ఇవ్వలేదు. అది వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడి, మెల్లగా చెప్పింది.

“అమ్మా, తొమ్మిదేళ్ళుగా వాడు నవ్వాడంటే లేస్తాడనే అర్థం. ఆఖరి గుట్ట మీద నవ్వితే పిల్లలు లేస్తాడనే అనుకుంటారు. లేవడు. వాళ్ళు నొక్కుతూనే ఉంటారమ్మా.”

ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో కూడా తెలియలేదు. ఆ పిల్ల మీదా, వేదాంత్ మీదా, ఆ వెధవ గిరిగాడి మీదా? తొమ్మిదేళ్ళు కళ్ళు మూసుకుని దూకావు కదరా, ఆఖరి గుట్ట మాత్రం చూసుకుని దాటొచ్చు కదా అనిపించింది. ఆ చావు రాసిన పిల్ల ఎదురుగా నిలబడి ఉందని తెలిసీ వాడినే తిట్టుకున్నాను. తరవాత దానికి కాఫీ పెట్టాను.

ఈ పొద్దున స్టూడియోకి వెళ్ళి ఆ చావు ఇచ్చేసి వచ్చాను. అవును, ఇచ్చేశాను. మీకు ఇంకా తెలియదు కదా. వేదాంత్‌కి కూడా ఇప్పుడే తెలుస్తోంది, మొహం చూడండి. ఒక్కసారే చేశాను, రెండో టేకు లేదు. కేక కూడా పెద్దగా లేదు. జారిపోయేటప్పుడు పన్నెండేళ్ళ పిల్లాడికి అరవడానికి టైమెక్కడుంటుంది? చిన్నగా ‘అయ్యో’ అన్నాడు, అంతే. ఆగాను. నర్సింహ అద్దం అవతల నా నవ్వు కోసం చూస్తున్నాడు. నేను హెడ్‌ఫోన్స్ తీసి కింద పెట్టాను. తలుపు దగ్గరికి వస్తే అడ్డంగా నిలబడ్డాడు.

“ఏందమ్మా గిట్ల? నవ్వకుంట తలుపు తియ్య. గిరిగాడు నవ్వొద్దంటే వద్దు, మీరు నవ్వుండ్రి. జర నవ్వి పోండ్రి.”

చాలాసేపు నిలబడ్డాడు. నేనూ ప్రయత్నించాను. రాలేదండీ. ఏడుపొచ్చింది. చివరికి వాడే తలుపు తీసి, మెట్ల మీద కూర్చుని మొహం అటు తిప్పుకున్నాడు. ఇప్పుడు ఆ స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డవాడు వాడే. పొద్దున్నుంచీ నన్ను వదలకుండా వెంట తిరుగుతున్నాడు.

కాబట్టి పిల్లలూ, పెద్దపిల్లలూ, వినండి. ఈ సాయంత్రం మీరు ఆఖరి గుట్ట ఎక్కుతారు. గిరిగాడు పడిపోతాడు. నవ్వడు. నవ్వలేదంటే వాడు లేవడని అర్థం. ఫోన్ నొక్కుతూ కూర్చోకండి, పక్కన పెట్టేసి లేచి వెళ్ళి అన్నం తినండి. వాడు ఇక లేవడని మీకు చెప్పే ధైర్యం కంపెనీలో ఎవరికీ లేక, ముసలిదాన్ని కదా అని నా మీద పెట్టారు. నాకూ చెప్పడం ఇష్టం లేదు. చెప్పాను.

ఇంతసేపు ఓపిగ్గా విన్న అధ్యక్షుల వారికి, నా పిసినారి గొంతులోంచి తొమ్మిదేళ్ళు కేకలు పిండుకున్న మైత్రేయికి, తిట్టినా పట్టించుకోని వేదాంత్‌కి, చచ్చిన ప్రతిసారీ నన్ను బతికించి ఇంటికి పంపిన నర్సింహకి కృతజ్ఞతలు. ముఖ్య అతిథి గారు వస్తే, వచ్చి వెళ్ళిపోయామని చెప్పండి.

ఆ వెనకవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. లేదు నాయనా, వాడి నవ్వు ఇవ్వను. అది మళ్ళీ వింటే మీరు ఇంటికెళ్ళి ఫోన్ తెరుస్తారు. కానీ నర్సింహ నన్ను అలాగే చూస్తున్నాడు, వీడు నన్ను కారెక్కనిచ్చేలా లేడు. అందుకని ఇప్పుడు నవ్వబోయేది జ్ఞానప్రసూనాంబ. ఇది ఎవరికీ డబ్బింగ్ కాదు.

(ఆమె నవ్వు)

బాగాలేదు కదూ? నాకూ వినపడింది. వాడిదే బాగుండేది. ఇక ఇదే అలవాటు చేసుకోవాలి.

సెలవు.