శిలువ పాతే చోటు

ఇబెరా చిత్తడిలో మిట్టమధ్యాహ్నం. పడవలో బెనిగ్నా, గడకర్రతో ఆమె మరిది క్రిస్పిన్, ఇద్దరి మధ్యా ఒక చెక్క శిలువ. గట్టు మీద కాపిబరాల మంద, పందంత ఉండి నీళ్ళ పక్కనే బతికే ఎలుకజాతి జంతువులు. అక్కడివాళ్ళు వాటిని కార్పించోలంటారు.

“ఇక్కడేనా?”

“ఇక్కడే వదినా. ఆ గట్టు పక్కనే అన్న పడవ బోల్తా పడింది.”

“సరిగ్గా చూసి చెప్పు. మనిషి పోయిన చోటే పాతాలి. వేరేచోట పాతితే ఆత్మ దారి తెలీక తిరుగుద్ది.”

“ఇక్కడేనన్నాగా. కిందటి ఆదివారం, అవతల ఒడ్డు నుంచి కళ్ళారా చూశా. తొందరగా పాతేసి పోదాం, ఎండ మాడ్చేస్తోంది.”

“ఆగు. పడవ ఆపు.”

“మళ్ళీ ఏమైంది?”

“కార్పించోల్ని చూడు.”

“చూశా. పడుకున్నాయి. వాటికేం, రాజభోగం.”

“అదే. మనల్ని చూసి ఒక్కటన్నా బెదిరి కుక్కలా మొరిగిందా? నీళ్ళలో దూకిందా?”

“ఎండకి బద్ధకించుంటాయి.”

“బద్ధకమా? పెళ్ళైన కాడి నుంచీ ఆయన వేటాడి తెచ్చిన వీటి తోళ్ళు నేనే ఆరబెట్టా. ఒక్కసారి కుక్క వాసన తగిలితే ఆ గట్టు వదిలేసి పోతాయి. మీ అన్న కుక్క లేకుండా గడప దాటడు కదా?”

“కుక్క… కుక్క కూడా మునిగిపోయింది.”

“పాపం, దానికీ ఈత రాదా?”

“వదినా, నన్ను చంపకు.”

“ఆ పిల్లల్ని చూడు. ఎవరి పిల్లైనా ఎవరి దగ్గరైనా పాలు తాగుద్ది, ఏ తల్లీ తన్నదు. పుట్టి వారం దాటుంటది, ఈత ఇంకా సరిగ్గా రాదు. పసిగుడ్లని పెట్టుకుని, మనిషి కేకలేసి చచ్చిన చోట మంద ఉంటదా?”

“నాకేం తెలుసు. వరిపొలాల్లో ట్రాక్టర్ తోలుకునేవాణ్ణి.”

“అందుకే తప్పు చోటికి తీసుకొచ్చావు. ఎక్కడున్నాడు?”

“వదినా…”

“తల ఎత్తు. బతికే ఉన్నాడా?”

“ఉన్నాడు.”

“అమ్మయ్య. చేపలు పీక్కుతింటున్నాయనుకుని కర్రపెండలం ముక్క కూడా గొంతు దిగలేదు నాకు. అమ్మయ్య… ఒక్కడే వెళ్ళాడా?”

“అడక్కు వదినా.”

“సరే, అడగను. కుక్క?”

“తీసుకెళ్ళాడు.”

“కుక్కని తీసుకెళ్ళాడు.”

“నా కాళ్ళు పట్టుకున్నాడు వదినా. మునిగిపోయానని చెప్పరా, పెళ్ళాన్ని వదిలేశానంటే దాన్ని చూసి ఊరంతా నవ్వుద్ది, మొగుడు పోయాడంటే జాలన్నా పడతారు అన్నాడు. పద, ఇంటికి పోదాం. ఊళ్ళో నిజం నేనే చెప్తా. ఉమ్మితే నా మొహానే ఉమ్మనీ.”

“మా ఇర్మీనాకి ఏం చెప్తావు?”

“పసిపిల్ల. నాన్న బతికే ఉన్నాడంటే సంతోషపడుద్ది.”

“పడుద్ది. రేపు లేస్తూనే రేవులోకెళ్ళి వాళ్ళ నాన్న కోసం నుంచుంటది. పెళ్ళీడు వచ్చినా నుంచుంటది. దాని వెనకాల నేనూ నుంచుంటానేమో, చెప్పలేను.”

“మరి ఏం చేద్దాం వదినా?”

“పడవ మెల్లిగా గట్టు ఆ చివరికి తొయ్యి, పిల్లలు బెదురుతాయి. అక్కడ పాతుదాం. మీ అన్న చచ్చిపోయాడు, క్రిస్పిన్.”