లీలమ్మ గారిని ఏడిపించిన పుస్తకం నాది కాదు

అధ్యక్షులు ప్రకాశం గారికి, పెద్దలకు, మోకాళ్ల నొప్పులను లెక్కచేయకుండా ఈ మెట్లెక్కి వచ్చిన మిత్రులకు నమస్కారం. నీళ్ల ఆఫీసులో రిటైరై, వచ్చే వారం వరంగల్‌లోని చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్న లీలమ్మ గారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెబుతాను గానీ, మధ్యమధ్యలో కొంత అసూయ కూడా వినబడుతుంది, సర్దుకోండి.

ఉస్మాన్‌గంజ్‌లో మా మిర్చి దుకాణం పైనున్న ఈ గదిలో ఆదివారాలు మనం పుస్తకాలు చదువుకుంటాం కదా, శాలిబండ నుంచి షేర్ ఆటోలో వచ్చే ఈమె నోటికి భయపడని పుస్తకం లేదు. ఒక డిటెక్టివ్ నవలలో హంతకుడెవరో ముందే తెలిసిపోయిందనీ, పాపం వాడికి బెయిలు దొరుకుతుందేమోనని చివరిదాకా చదివాననీ అన్నారు. వంటల పుస్తకం రాసినాయన జన్మలో గిన్నె తోమలేదన్నారు. ఒక పెద్ద అధికారి ఆత్మకథ చదివి, ఆయన తప్ప ఆ ఆఫీసులో అందరూ దొంగలేనని తేల్చారు. (నవ్వులు) ప్రేమ కవితల పుస్తకాన్ని మాత్రం, పక్కింటివాళ్ల మాటలు గోడ చాటున విన్నంత బాగుందని రెండోసారి కూడా తీసుకెళ్లారు.

అప్పుడు నా నవల వచ్చింది. మా తాత వ్యాపారం గురించి ఏళ్ల తరబడి రాసుకున్నది. లీలమ్మ గారు అందరి ముందూ నెమ్మదిగానే అన్నారు: "దుకాణం మంచిగ రాసిన్రు సీతారామన్నా. మిరపకాయల ఘాటు నాకు గూడ తాకింది. మనుషులే యాడ కనవడలే."

నేను నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, గది నాది, చాయ్ నాది.

కొన్నాళ్లకు కార్వాన్‌లో బట్టలు కుట్టే మన సీమోను, అదిగో ముందు వరుసలోనే ఉన్నారు, వాళ్లమ్మ గురించి ఒక చిన్న పుస్తకం తెచ్చారు. లీలమ్మ గారు అందులో ఒక పేజీ పైకి చదువుతూ ఆగిపోయి, కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. కింద కొట్లో ఉన్న సరుకంతా నా కడుపులో మండింది. ఇంటికెళ్లి ఆ పుస్తకంలో అచ్చుతప్పులు వెతికాను. దొరికాయి కూడా. కానీ చదవగా చదవగా వెతకడమే మరిచిపోయాను, అది ఇంకా పెద్ద బాధ.

ఉండబట్టలేక ఆమెనే అడిగాను, ఆయన రాసినదాంట్లో ఉన్నదేంటి, నా దాంట్లో లేనిదేంటని.

"సీమోను వాళ్లమ్మకు కోపమొస్తదన్నా. కొడుకును కొడ్తది, మల్ల తనే ఏడుస్తది. మీ తాతకు కోపమే రాదు. పటం లెక్క గోడకున్నడు."

మా తాతకు కోపం రాకపోవడమా? మా పెదనాన్నను నలుగురు చూస్తుండగా బజారులోకి గెంటేసిన మనిషి. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు రాస్తున్నాను. అది తెలిసిన నాటి నుంచి మా చిన్నాన్న నాతో మాట్లాడటం లేదు.

రాసినంతవరకు నిన్న లీలమ్మ గారికి ఇచ్చాను. ఇందాక దండ వేయబోతుంటే, సీమోను పక్కనుండగానే నన్ను ఆపి అడిగారు: "ఆ కొడుకును మల్ల ఇంట్లకు రానిస్తడా, లేదా? గా సంగతి చెప్పుండ్రి అన్నా, నేను ఊరు పోవాలె."

చెప్పలేదు. వరంగల్ వచ్చి చదివి వినిపిస్తానన్నాను. ఆ మాటకు సీమోను ముఖం కాస్త చిన్నబోయింది. సీమోను భాయ్, మీరేమనుకున్నా సరే, ఇవాళ శాలువా ఆమెకు కప్పినా సన్మానం జరిగింది నాకే.

లీలమ్మ గారికీ, ఇంతసేపు ఓపికపట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు. రాయవలసింది ఇంకా చాలా ఉంది. సెలవు.