గేటు దాకా

మస్కట్‌లోని ఖురంలో ఒక ఇంట్లో పనిచేసే ఆమె, మేడమ్ వాళ్ల పెట్టెలు సర్దడం ఆపి, విహార ఓడలో సామాన్లు మోసే తమ్ముడికి ఫోన్ చేసింది. అతన్ని చూసి నాలుగేళ్లయింది.

"తమ్మీ, మా మేడమోళ్లు రేపు మీ ఓడే ఎక్కుతున్నరు. పెట్టెలు పట్టుకొని నేను గూడ రేవుకొస్తున్న. పన్నెండింటికి రమ్మన్నరట, మేం పదింటికే వస్తం. నువ్వు జర బయటికి రా."

"టికెట్లున్నోళ్లనే లోపలికి పంపుతరక్కా."

"గేటు కాడనే నిలబడత."

"కొత్తోళ్లు ఎక్కేరోజు మమ్మల్ని ఓడ దిగనియ్యరు."

"పెద్ద ఆఫీసరువైనవ్ తియ్యి. అక్కకోసం అయిదు నిమిషాలు దొర్కవా?"

"రెండు వేల పెట్టెలెక్కించాలె. తల గోక్కోనికి గూడ టైముండదు."

ఆమె మేడమ్ కూతురి ఎర్ర పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది.

"అక్కా, ఏడుస్తున్నవా?"

"నేనెందుకు ఏడుస్త? పెట్టెలు ఎవలకియ్యాలె?"

"రూమ్ నంబరు చీటీలు కట్టి గేటు కాడ కూలోళ్లకియ్యి. ఆడికెల్లి మాకొస్తయ్."

"అండ్ల ఎర్రదొకటుంది. అది గేటు దాకా నేనే మోసుకొస్త."

"మోసుడెందుకే? చక్రాలుంటయ్ గద, గుంజుకురా."

"గుంజ. మోస్త. ఆడికెల్లి నువ్వు మొయ్యి."